మూలల తూకం

కిలోమీటరుకి ఎనిమిది రూపాయలున్న రేటుని ఆరు చేయడానికి నాకు పట్టిన సమయం పెన్ను మూత తీసినంత. నెలాఖరు రోజు మధ్యాహ్నం మెకానిక్కుల ప్రయాణ ఖర్చుల చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. ముగ్గురూ కలిసి ఆ నెల తిరిగింది నాలుగు వేల కిలోమీటర్లు. కిలోమీటరుకి రెండు తగ్గిస్తే ఎనిమిది వేలు. గోదాము అద్దె పెరిగింది ఏడున్నర వేలు. ఇంకా అయిదొందలు మిగులు. ఇంత ముచ్చటగా కుదిరిన లెక్క ఈ మధ్యకాలంలో చూడలేదు.

మాది కాటాల వ్యాపారం. కూరగాయల కొట్లో పెట్టుకునే చిన్న కాటా మొదలు బస్తాలు తూచే బల్ల కాటా దాకా అమ్ముతాం. అమ్మినప్పుడు వచ్చే లాభం ఒక్కసారే. ఆ కాటాని ఏడాది పొడవునా చూసుకునే ఒప్పందం ఉంటే లాభం ఏటా వస్తుంది. అందుకని నా దగ్గర ముగ్గురు మెకానిక్కులు సొంత మోటారుసైకిళ్ళ మీద ఊరంతా తిరుగుతుంటారు. పెద్దవాడు మా అక్క మొగుడు, మా బావ. పంతొమ్మిదేళ్ళ నుంచి ఇదే పని. రెండోవాడు పొడుగోడు. మూడోవాడు నత్త. బండి ఎంత మెల్లగా నడుపుతాడో చూసి పొడుగోడే ఆ పేరు పెట్టాడు.

ముందు చెప్పాలన్న ఆలోచన రాలేదని అనను. వచ్చింది. చెబితే ఒక పూట మాటలకి పోతుంది, బేరం చివరికి ఏడు దగ్గర తెగుతుంది, నాకు నాలుగు వేలు నష్టం. చెప్పకపోతే ఒక రోజు మొహాలు మాడ్చుకుంటారు, రెండో రోజు మామూలే. రెండు వైపులా వేసి చూస్తే చెప్పకపోవడమే బరువు తూగింది.

పక్క బల్ల మీద లెక్కలు రాసే మా ఆవిడ కాగితం అందుకుని చూసింది.

"అన్నయ్యగారికి చెప్పారా?"

"చెప్తాలే."

"ఎప్పుడు? కవరు చింపాకా?"

ఆవిడ ఆరుతో లెక్క కట్టి, కవర్లలో డబ్బు పెట్టి, అంటించింది. అంటించిన కవరుని మామూలు కంటే కాస్త గట్టిగా నొక్కింది.

ఒకటో తారీఖు పొద్దున్న ముగ్గురూ కవర్లు తీసుకున్నారు. నత్త చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు. పొడుగోడు చించి లోపలికి తొంగి చూశాడు. బావ మాత్రం ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత చీటీ తీసి, కిలోమీటర్ల అంకె మీద వేలు ఆడిస్తూ, నా దగ్గరికి వచ్చాడు.

"బావమరిదీ, మూడు వేలు తక్కువున్నాయి. మా చెల్లెమ్మ లెక్క తప్పదే."

"తప్పలేదు బావా. రేటు మారింది. ఆరు."

"ఎప్పట్నుంచి?"

"ఈ నెల నుంచి."

"ఈ నెలంటే? ఇవాళ మొదలైందా, నిన్న అయిపోయిందా?"

"నిన్న అయిపోయింది."

బావ పొడుగోడి వైపు తిరిగాడు. "విన్నావా? మనం పోయిన నెలంతా ఆరుకే తిరిగామట. మనకే తెలీలేదు."

"అందుకేనేమో అన్నా, నా బండి అంత నీరసంగా నడిచింది," అన్నాడు పొడుగోడు.

"నీది నడిచింది. నాది ముందు నుంచీ నీరసమే," అన్నాడు నత్త, ఇప్పుడు కవరు బయటికి తీస్తూ.

ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. గోదాము అద్దె సంగతి, పెరిగిన ఖర్చుల సంగతి చెప్పడానికి నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఎవరూ అడగలేదు. బావ కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, హెల్మెట్ తీసుకుని, "పదండ్రా, కొట్లకి టైమైంది," అన్నాడు. మూడు బండ్లూ స్టార్టయిన చప్పుడు విన్నాను. అంతే. అయిపోయింది. నేను వేసిన లెక్క కంటే కూడా చవగ్గా అయిపోయింది.

అదే నన్ను కూర్చోనివ్వలేదు. బేరమాడని కొనుగోలుదారుణ్ణి చూస్తే ఏ వ్యాపారికైనా అనుమానం వస్తుంది. అడిగినంతా ఇచ్చి వెళ్ళాడంటే సరుకు మళ్ళీ కొనడని అర్థం.

రెండు రోజులు పోయాక మామూలవుతుందన్నాను కదా, కాలేదు. అలాగని తప్పు పట్టడానికీ ఏమీ లేదు. తొమ్మిదింటికి వస్తున్నారు, చీటీలో ఉన్న కొట్లకి వెళ్తున్నారు, ఆరింటికి వచ్చి కిలోమీటర్లు రాస్తున్నారు. ఇంతకు ముందు దారిలో పాత ఖాతాదారు కనిపిస్తే ఆగి, కాటా తుడిచి, నాలుగు మాటలాడి వచ్చేవాళ్ళు. కొత్త కొట్టు తెరుస్తున్నారని కబురు అలాగే వచ్చేది. ఇప్పుడు కబుర్లు లేవు. బావ నన్ను "బావమరిదీ" అనడం మానేశాడు. "యజమాని గారూ, రేపటి చీటీ ఇస్తారా?" అంటున్నాడు. గారు అన్న ప్రతిసారీ నాకు మెడ దగ్గర చీమ పాకినట్టుండేది. అక్క ఫోను చేయడం లేదు. నేను చేస్తే "పనిలో ఉన్నానురా" అని పెట్టేస్తోంది.

నేను కుర్చీలోంచి గుమ్మానికి, గుమ్మం నుంచి గోదాముకి, గోదాము నుంచి మళ్ళీ కుర్చీకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"ఆ తిరుగుడుకి కిలోమీటరుకి ఎంత వేయమంటారు?" అంది మా ఆవిడ.

పదో తారీఖున అలా గోదాములోకి వెళ్ళినప్పుడే రాళ్ళు చూశాను.

ఆ రాళ్ళ సంగతి చెప్పాలి. బల్ల కాటాని మధ్యలో బరువు పెట్టి చూస్తే చాలదు. బల్ల కింద నాలుగు మూలలా నాలుగు కాళ్ళుంటాయి, తూకం వాటి మీద పడుతుంది. ఒక కాలు మొరాయించినా మధ్యలో పెట్టినప్పుడు తెలియదు. అందుకే ఇరవై కిలోల ఇనప రాళ్ళు నాలుగు పట్టుకెళ్ళి, ఒక్కో మూల మీదా పేర్చి చూడాలి. నాలుగూ సరిగ్గా వస్తేనే బావ తీగ చుట్టి, సీసం బిళ్ళ బిగించి, తన గుర్తు కొడతాడు. ఎనభై కిలోల ఇనుము మోటారుసైకిల్ మీద ఎక్కదు. బల్ల కాటా ఉన్న రోజున మూడు చక్రాల ట్రాలీ ఒకటి మా గుమ్మం ముందుకి వచ్చేది. రాళ్ళు ఎక్కించుకుని బావ బండి వెనకాల వెళ్ళేది.

ఆ ట్రాలీ కిరాయి ఎవరిస్తున్నారని నేను ఏనాడూ అడగలేదు. అడిగితే అది నా లెక్కలోకి వస్తుందని నాకు తెలుసు.

రాళ్ళు అల్మరా కింద అరలో ఉన్నాయి. ఒక్క రాయి మాత్రం శుభ్రంగా ఉంది, మిగతా వాటిలో ఒకదాని పిడి మీద వేలితో గీస్తే గీత పడింది. పది రోజుల దుమ్ము. ఈ పది రోజుల్లో బావ నాలుగు బల్ల కాటాలు చూసినట్టు చీటీలు నా బల్ల మీదున్నాయి. నాలుగింటికీ సీలు వేసినట్టు రాసుంది.

ఆ సాయంత్రం బావ వచ్చాడు. నోటి దాకా వచ్చింది. అడిగితే ట్రాలీ మాట వస్తుంది, ట్రాలీ మాట వస్తే ఆరు మాట వస్తుంది. వేలికంటిన దుమ్ము ప్యాంటుకి తుడుచుకుని ఊరుకున్నాను.

ఇరవై రెండో తారీఖు పొద్దున్న పదకొండింటికి గింజల వ్యాపారి ఫోను చేశాడు. ఆయన దగ్గర మావి పదమూడు కాటాలున్నాయి. నా ఖాతాలో అంత పెద్ద ఒప్పందం ఇంకొకటి లేదు. వచ్చే వారం మళ్ళీ రాసుకోవాలి.

"ఏమయ్యా, గాలికి ధర ఎంతుంది ఇప్పుడు?"

"అర్థం కాలేదండీ."

"నేను కొంటున్నాను కదా, అందుకని అడుగుతున్నా. నీ కాటా ఒక మూల ఎక్కువ చూపిస్తోంది. యాభై కిలోల బస్తాకి పావు కిలో. నా గుమస్తా ఇవాళ అనుమానమొచ్చి అటూ ఇటూ జరిపి చూశాడు. నాలుగో తారీఖున మీ బావ వచ్చి సీలు వేసి వెళ్ళిన కాటా ఇది. సాయంత్రంలోపు నువ్వే వచ్చి చూడు. లేకపోతే పదమూడూ విప్పించి నీ గుమ్మం ముందు పెట్టిస్తా."

ఫోను పెట్టేశాక బల్ల మీది పెన్నులన్నీ ఒకవైపు, మళ్ళీ ఇంకోవైపు సర్దాను. బావ ఊరి అటు చివర కొట్లు తిరుగుతున్నాడు. రమ్మని ఫోను చేయొచ్చు. ఏమని చేయను? మూలలు ఎందుకు చూడలేదని అడిగితే, దుమ్ము చూసి నువ్వెందుకు అడగలేదని ఆయన అడగొచ్చు.

ట్రాలీ ఆయనకి ఫోను చేశాను. పావుగంటలో వచ్చాడు. రాళ్ళు ఎక్కించి పక్కన కూర్చున్నాను.

"చాన్నాళ్ళకి పిలిచారు సార్. మీ బావగారు బాగున్నారా? ఈ నెల ఒక్కసారీ రమ్మనలేదు."

"బాగున్నాడు. కిరాయి ఎంత?"

"మీకు మూడొందలు. ఆయనకైతే రెండొందల యాభై. నెలకి ఆరేడు సార్లు పిలిచేవారు కదా, అందుకని."

దారి పొడవునా నా బుర్ర ఆగలేదు. నెలకి పదహారు పదిహేడు వందలు ట్రాలీకి. పెట్రోలు, టైర్లు, నూనె కలిపి బండికి కిలోమీటరుకి ఐదు అనుకుందాం. బావ తిరిగేది పదిహేను వందల కిలోమీటర్లు. ఎనిమిదైతే నాలుగున్నర వేలు మిగులుతాయి, అందులో ట్రాలీ పోతుంది, మిగిలింది బండి అరుగుదలకి. ఆరైతే మిగిలేదే పదిహేను వందలు. ట్రాలీ పిలిస్తే ఎదురు పెట్టుకోవాలి. నా పని చేయడానికి నాకే డబ్బిచ్చినట్టు. ఈ లెక్క నేను కూర్చున్న కుర్చీలోనే వేసుండొచ్చు. గోదాము అద్దె లెక్క మాత్రం అంత తొందరగా వేశాను.

వంతెన దగ్గర రోడ్డు తవ్వేసి ఉంది. ట్రాలీ ఆయన మాట్లాడకుండా ఎడమకి తిప్పి చుట్టుదారి పట్టాడు. చీటీలో ఆ కొట్టుకి నేను ఒప్పుకున్న దూరం పదకొండు కిలోమీటర్లు. ఆ పూట పదహారయింది.

గింజల కొట్లో బస్తాలు గుమ్మం వైపు నుంచి వస్తాయి. హమాలీలు బస్తా తెచ్చి దగ్గరగా ఉన్న మూల మీదే దింపుతారు. సరిగ్గా ఆ మూలే తప్పు చూపిస్తోంది. వ్యాపారి కుర్చీ తెచ్చుకుని నా నెత్తి మీదే కూర్చున్నాడు. మూడు మూలలా ఎనభై పెట్టాను, కాస్త తక్కువలోనే ఉన్నాయి. గుమ్మం వైపు మూల మీద పేర్చాను. ఎనభై కిలోల నాలుగొందల గ్రాములు.

"చదువు, పైకి చదువు," అన్నాడు ఆయన.

చదివాను.

"రోజుకి నలభై బస్తాలు. పద్దెనిమిది రోజులు. నువ్వు లెక్కల మనిషివి కదా, చెప్పు."

"నూట ఎనభై కిలోలు."

"నూట ఎనభై కిలోల గాలి కొన్నాను. మీ బావ గుర్తు చూస్తే నేను ఇంక కాటా వైపు చూడను. ఇన్నేళ్ళలో చూడాల్సిన అవసరం రాలేదు. ఆయనకి ఒంట్లో బాగాలేదా ఏంటి?"

నేను బల్ల విప్పి కాలు సరిచేస్తున్నాను. అప్పుడే ఒక రైతు పది బస్తాలు తెచ్చాడు. గుమస్తా పక్క కాటా మీద మొదటి బస్తా ఎక్కించాడో లేదో వ్యాపారికి ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేశాడు.

"ధర పడిందటండీ," అన్నాడు గుమస్తా, మెల్లగా. "కిలోకి ఒకటిన్నర. ఈయనకి..."

"ఈయన బస్తా ఎక్కేసింది కదయ్యా. పదింటికీ పాత ధరే వెయ్యి. కొత్త ధర బోర్డు మీద రాసి గుమ్మంలో పెట్టు. తర్వాత వచ్చేవాడు చూసి, ఇష్టమైతే దింపుతాడు, లేకపోతే తోలుకుపోతాడు."

ఆయన ఆ మాట నా కోసం అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. నా పాతికేళ్ళ వ్యాపారంలో తూకం అయిపోయాక ధర మార్చలేదు. ఏ ఖాతాదారుకీ మార్చలేదు. మార్చితే మర్నాడు నా గుమ్మం ఎవడూ తొక్కడని తెలుసు. పోయిన నెల నాలుగు వేల కిలోమీటర్లు కాటా మీదున్నాయి, నేను ధర మార్చాను.

నష్టానికి ఆయన ఐదు వేల నాలుగొందలు అడిగాడు. నాలుగు వేలకి తెగింది. ఒప్పందం మాట ఎత్తితే, "ఆ సీలు నువ్వు వేయకు. మీ బావ వచ్చి వేశాక మాట్లాడదాం," అన్నాడు. విప్పిన సీసం బిళ్ళ జేబులో వేసుకుని వచ్చేశాను.

సాయంత్రం ఆరింటికి బావ వచ్చి చీటీ రాస్తుంటే ఆ బిళ్ళ తీసి ఆయన ముందు పెట్టాను. తిప్పి చూశాడు. ఎక్కడిదని అడగలేదు.

"గుమ్మం వైపు మూలా?" అన్నాడు.

"ఊఁ. నాలుగొందల గ్రాములు."

ఆయన హెల్మెట్ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "ఒక్క రాయి బండికి కట్టుకుని వెళ్ళాను. మధ్యలో పెట్టాను, సరిగ్గా ఉంది. సీలు వేశాను. ఆరుకి ఇంతే వస్తుందనుకున్నా. నీ మీద కోపంతోనే అనుకున్నా. వేసి గుమ్మం దాటాక వెనక్కి వెళ్దామనిపించింది. వెళ్ళలేదు. అలాంటివి పదకొండున్నాయి ఈ నెల. నాకు అన్నం సయించడం లేదంటే మీ అక్క ఏదో జబ్బనుకుంటోంది."

"నేను పదో తారీఖునే రాళ్ళ మీద దుమ్ము చూశాను బావా."

"చూశావని తెలుసు. వేలి గీత ఉంది కదా."

మా ఆవిడ రాయడం ఆపింది. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

"కిలోమీటరుకి తొమ్మిది ఇస్తాను. రేపట్నుంచి. ట్రాలీ కిరాయి కొట్టు భరిస్తుంది."

బావ నవ్వాడు. ఒకటో తారీఖు తర్వాత అది మొదటి నవ్వు, అయినా నాకు హాయిగా లేదు. "చూశావా, పెంచడం కూడా చెప్పకుండానే పెంచావు. ఇంకో నెల పోతే ఇంకో అద్దె పెరుగుతుంది, తొమ్మిది కాస్తా ఐదవుతుంది. కవరు చింపాక తెలుస్తుంది. రెండు తగ్గిందని కాదు నా బాధ. ముందు చెప్పుంటే పోట్లాడేవాణ్ణి, అరిచేవాణ్ణి, ఏడుకి ఒప్పుకునేవాణ్ణి. నాతో పోట్లాడటానికి ఒక పూట కూడా ఖర్చుపెట్టలేకపోయావు."

నేను ఒకటో తారీఖుకి ముందు వేసుకున్న లెక్క ఆయనకి ఎలా తెలిసిందో! ఏడు అన్న అంకెతో సహా.

మా ఆవిడ అప్పటికే మూడు కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. పోయిన నెల తేడా, ముగ్గురిదీ. ఎప్పుడు కట్టిందో తెలీదు, కవర్లు మాత్రం నిన్నటివో మొన్నటివో అని అంచులు చూస్తే తెలుస్తోంది. బావ తనది విప్పి, కిటికీ దగ్గరికి వెళ్ళి, మూడు వేలూ రెండుసార్లు లెక్కపెట్టాడు. సంతకం పెట్టాడు. తర్వాత చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, తారీఖు వేసి, నా ముందు పెట్టాడు.

"ఒకటో తారీఖు నుంచి జేబులో పెట్టుకు తిరుగుతున్నా. ఇవాళ ఇస్తున్నా. ఇవాళ్టి నుంచి ముప్ఫై రోజులు పని చేస్తాను, ఆ తర్వాత మానేస్తాను. ముందు చెప్పడమంటే ఇదిగో, ఇలా ఉంటుంది."

"అక్కకి తెలుసా?"

"రాసిందే మీ అక్క. నా దస్తూరి నీకు అర్థం కాదని."

నిజమే. గుండ్రటి అక్షరాలు అక్కవి. నాకు చిన్నప్పుడు బడి నోటు పుస్తకాల మీద పేరు రాసిచ్చిన అక్షరాలు.

మర్నాడు ఒక బోర్డు తెచ్చి గుమ్మం పక్కన మేకు కొట్టాను. ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. నిన్నటి తొమ్మిది పక్కన పెట్టి, అద్దె లెక్క ముందేసి, ఎనిమిది దగ్గర మొదలుపెట్టాను. ఒక పూటంతా పోయింది. నత్త బండి మెల్లగా నడిపినా నోరు మాత్రం వేగమే, తొమ్మిది మీద అర అడిగాడు. పొడుగోడు తవ్విన రోడ్ల లెక్క తీశాడు. బావ మాత్రం బేరమాడలేదు, నెల రోజుల్లో పోయే మనిషి బేరంలోకి రాకూడదన్నాడు. చివరికి ఎనిమిదిన్నర, ట్రాలీ కొట్టు ఖర్చు, మార్చాలంటే నెల ముందు బోర్డు మీద రాయాలి. అలాగే రాశాను. మిగులు లెక్క వేస్తే గోదాము అద్దె నా జేబులోంచే పోతుంది. వేరే దారి చూసుకోవాలి.

మధ్యాహ్నం ట్రాలీ వచ్చింది. రాళ్ళు ఎక్కిస్తూ బావ అడిగాడు. "పదకొండు కాటాలు మళ్ళీ చూడాలి. వస్తావా? నువ్వొస్తే తొందరగా అవుతుంది."

వెళ్ళాను. నాలుగు రోజులు ఆయన బండి వెనక కూర్చుని తిరిగాను. ఆ నాలుగు రోజుల్లో ఆయన కాటాల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఒక్కో కొట్లోనూ ముందు తనే వెళ్ళి, "పోయినసారి సరిగ్గా చూడలేదండీ, మళ్ళీ చూస్తాను," అని చెప్పాడు. తనే చెప్పాడు, నా పేరు ఎత్తలేదు. రెండిట్లో తేడా దొరికింది. గింజల వ్యాపారి దగ్గర కొత్త సీలు వేశాక ఆయన దాన్ని తడిమి చూసి, లోపలికెళ్ళి ఒప్పందం కాగితం తెచ్చాడు. ఏడాదికి రాయలేదు. మూడు నెలలకి రాశాడు. "తర్వాత ఎవరు సీలు వేస్తారో చూసి చెప్తా," అన్నాడు. బావ మానేస్తున్న సంగతి ఆయనకి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

పదకొండోది పాత సామాన్లు కొనే కొట్లో ఉంది. నాలుగు మూలలూ చూశాం, సరిగ్గానే ఉన్నాయి. బావ తీగ చేతిలోకి తీసుకుని, ఆగి, "రాళ్ళు దింపి నువ్వొకసారి ఆ మూల మీద నిలబడు. మనిషి బరువుకి ఎలా పలుకుతుందో చూద్దాం," అన్నాడు.

బల్ల ఎక్కి మూలకి నిలబడ్డాను. డెబ్భై ఎనిమిది పైన అంకెలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"బావా, ఆ కాగితం..."

"ఇంకా ఇరవయ్యారు రోజులున్నాయి."

"అవి కాకుండా..."

"ముందు కదలకుండా నిలబడు. నువ్వు కదులుతుంటే ఇది ఏ అంకె చూపిస్తుంది?"

చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడ్డాను. అంకె ఇంకా ఊగుతూనే ఉంది. బావ తీగ పట్టుకుని, దాని వైపే చూస్తూ, ఆగాడు.